డబ్లిన్ నగరమున నేను విన్న సంగీతము

పరదేశములకు పోయి వచ్చినవారు అచ్చటి మేడలను, తోటలను, అంగళ్లను వర్ణించుట వాడుక. నేనును కొన్నింటిని చెప్పెదను. కాని ఐర్లండు దేశపు రాజధానియగు డబ్లిన్ నగరమున ఆరు వారములుండి నేను తెచ్చుకొన్న వస్తువు పెట్టెలో పట్టునది కాదు. అది ఇంచుమించు 48 నిమిషముల సంగీతము. దానిని మొదటి పర్యాయము వినినప్పుడు రెండవ పాట ముగియకమునుపే చెవులు మూసికొంటిని. ఇప్పుడు దానిని వినని వారము లేదు. ఈ మార్పు ఒక్క దినమున వచ్చినది కాదు గనుక, వచ్చిన క్రమముననే చెప్పెదను.

మా చిన్నవాడు ఉద్యోగరీత్యా డబ్లిన్ లో నివసించుచున్నాడు. గత సంవత్సరము కార్తికమాసమున వానిని చూచుటకై బయలుదేరితిని. రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు రైలులోను, అచ్చటినుండి విమానముమీదను పోయి, నడుమ ఒకచోట విమానము మారి, మరునాటికి చేరితిని. నా వెంట గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడములు నుండెను. విమానాశ్రయమున వాడు నా పెట్టెను చేతబట్టి బరువు చూచి నవ్వెను. వెలుపలికి రాగానే సన్నని వాన ముఖమున గొట్టెను. అది కురియుచున్నదని చెప్పుటకును లేదు, వెలిసినదని చెప్పుటకును లేదు. ఆ దేశమున నే నున్నన్నాళ్లును అట్టి వానయే.

గోదావరిని చూచిన కంటికి డబ్లిన్ నడుమ పారు లిఫీ నది కాలువవలె కన్పట్టును. దానిపై వంతెనలు దగ్గరదగ్గరగా నున్నవి. వానిలో 1816లో కట్టిన తెల్లని ఇనుప వంతెన నాకు మిక్కిలి నచ్చినది. అది పాదచారులకు మాత్రమే. పూర్వము దానిని దాటుటకు అరపెన్నీ సుంకము పుచ్చుకొనెడివారు. 1919లో సుంకము పోయినది గాని, హాఫ్‌పెన్నీ వంతెన యను పేరు మాత్రము నిలిచినది. వీథుల పేర్లు ఐరిష్, ఇంగ్లీషు భాషలు రెండింటను వ్రాయబడియున్నవి. కార్తికము ముగియు నాటికి సాయంకాలము నాలుగున్నరకే చీకటి పడును. దీపములు వెలిగించు వేళ యగునప్పటికి మనకు వంటయే మొదలు కాదు, అచ్చట రాత్రియైపోవును.

నేను చేరిన నాలుగవనాడు మేమిరువురము ఆ వంతెన దాటి, ఇరుకు వీథులలో నడచుచుంటిమి. సంగీతపు రికార్డులు అమ్ము ఒక చిన్న అంగడి అద్దము వెనుక గులాబివన్నె అట్ట యొకటి కనబడెను. చెదరిన పొగవలె ఎర్రని గులాబిరంగు. అందులో గిటారు ఆకారము తోచియు తోచకయు నుండును. నేను నిలిచిపోయితిని.

“నాయనా, ఈ బొమ్మను నే నెరుగుదును” అంటిని.

వాడు నా వంక చూచి, కొంతసేపటికి, “నీకు జ్ఞాపకమున్నదా అమ్మా?” అనెను. “వారీ యూరివారే.”

జ్ఞాపకము లేకేమి? 2008వ సంవత్సరము దసరా సెలవులు. వానిని ఇంటర్మీడియెట్ చదువునకై వేరొక పట్టణమందలి వసతి కళాశాలలో చేర్పించియుంటిమి. సెలవులకు వచ్చిన రెండవనాడు కంప్యూటరు తెరపై ఆ గులాబివన్నె బొమ్మ పెట్టుకొని, గదిలో ఏదియో పాట పెట్టెను. పాటయని వాడన్నాడు గాని నా కది పిండిమర తిరిగినట్లుండెను. నేను వంటయింటిలో అరిసెల పిండి కలుపుచున్న చేతులతోనే పోయి, “ఇది సంగీతమా? ఇంటిలో మనుష్యులుండవలెనా, వద్దా? ఆపుము!” అంటిని. వాడు మాటాడక ఆపివేసెను. మరల మా యింట నెన్నడును ఆ ధ్వని వినబడలేదు. చుట్టములు వచ్చినప్పుడు, ఒక్కమాటతో మాన్పించితినని నేను గొప్పగా చెప్పుకొనియును ఉంటిని.

నేను బాల్యమున నాలుగేండ్లు వీణ నేర్చుకొన్నదానను. త్యాగరాజకీర్తనలు వినుచు పెరిగినదానను. సంగీతము నాకు తెలియునను గర్వము నాకు కలదు. అట్టి నేను ఆ అంగడి యెదుట నిలిచి, “ఇంటికి పోయి దానిని పెట్టుము, వినెదను” అంటిని. ఏల యంటినో నాకే తెలియదు. వాడు సంతోషించునని తలచితిని. వాడు మాత్రము జంకుచు, “వద్దులే అమ్మా, నీకు నచ్చదు” అనెను. ఆ మాటయే నన్ను పట్టుదలలో పెట్టినది.

ఆ సంగీత బృందము పేరు మై బ్లడీ వాలెంటైన్. దానిని 1983లో ఈ డబ్లిన్ నగరముననే కెవిన్ షీల్డ్స్, కొలమ్ ఓ కీసోగ్ అను ఇద్దరు యువకులు స్థాపించిరి. వారు పుట్టినచోట నిలువలేదు. హాలండులోను, బెర్లిన్ లోను కొంతకాలముండి 1985లో లండను చేరిరి. పిమ్మట డెబ్బీ గూజ్, బిలిండా బుచర్ అను స్త్రీలిద్దరు వారితో కలిసిరి. డెబ్బీ గూజ్ మంద్రస్వరపు గిటారు వాయించును. బిలిండా బుచర్ గిటారు వాయించుచు పాడును. నేను వినిన ఆల్బమ్ పేరు లవ్‌లెస్. అది 1991వ సంవత్సరము నవంబరు 4వ తేదీన వెలువడినది. అందు 11 పాటలు. దానిని తయారుచేయుటకు రెండేండ్లకు పైగా పట్టినది. ఇందుకై వారు 19 స్టూడియోలు మారిరి. తరువాతి ఆల్బమ్ వచ్చుటకు 2013 దాక ఆగవలసివచ్చినది. ఇట్టి సంగీతమునకు ఇంగ్లండు పత్రికలవారు షూగేజ్ అని పేరు పెట్టిరి. బూట్ల వంక చూచుట యని అర్థము. వాయించువారు సభవారి ముఖములు చూడక, కాలితో నొక్కు మీటలవైపు తలవంచి చూచుచుండుటచే హాస్యముగా పెట్టిన పేరు, పిమ్మట గౌరవనామమైపోయినది.

మొదటిసారి వినుట యెట్లు ముగిసెనో ముందే చెప్పితిని. డ్రమ్ముపై గబగబ నాలుగు దెబ్బలు. వెంటనే వంద యంత్రములు ఒక్కసారి అరచినట్లు గిటారులు. పాడువారి కంఠము ఏ మూలనో! సంగీతమున కంఠము ముందును వాద్యము వెనుకను ఉండవలెనని నా చెవికి అలవాటు. ఇచ్చట కంఠము తెరవెనుక నుండి పిలుచుచున్నది. “గాయకులు సిగ్గుపడుచున్నారా యేమి?” అని నే నడుగగా వాడు నవ్వెనే గాని వాదింపలేదు.

మరునాడు వాడు కచేరికి పోయిన పిదప, ఒంటరిగా వంటయింటిలో మరల పెట్టుకొంటిని. ఈసారి ధ్వని బాగుగ తగ్గించితిని. 11 పాటలును వింటిని, తలనొప్పి వచ్చెను. మూడవనాడు వంకాయలు తరుగుచు వినుచుండగా డ్రమ్ముల లెక్క తెలిసెను. నా వ్రేళ్లు తమంతట తామే బల్లపై తాళము వేయుచుండుట చూచి నాకే నవ్వు వచ్చెను. లెక్క దొరికినచోట కాలు నిలుచునుగదా! నాలుగవసారి ఆ హోరంతయు ఒక్కటే కాదనియు, అది పైకి క్రిందికి ఊగుచున్నదనియు గుర్తించితిని.

ఆ రాత్రి వానిని, “ఆ ఊగుట యేమి?” అని యడిగితిని. వాడు తన గిటారును తెచ్చి చూపెను. తంత్రులు బిగించిన గుర్రమునకు ఒక లోహపు పిడి తగిలించియుండును. దానిని నొక్కిన తంత్రులన్నియు కొంచెము వదులగును, స్వరము దిగును. ఎత్తిన స్వరము పెరుగును. సామాన్యముగా వాయించువారు ఎప్పుడో ఒకసారి దానిని ముట్టుకొందురు. షీల్డ్స్ ఆ పిడిని చేతిలోనే పట్టుకొని, విడువక, వాయించుచునే యుండును. అందుచే ఒక్క స్వరము గాక, కలసి మ్రోగు స్వరములన్నియు పడవవలె ఊగును. పెక్కు గిటారులు పేర్చినట్లు వినబడునే గాని, చాలచోట్ల వాయించినవి ఒకటి రెండు మాత్రమేనట.

నాకు వీణ జ్ఞప్తికి వచ్చెను. మనము మెట్టుపై తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికింతుము. ఇది గమకమే యని నేననను. మన గమకమునకు రాగమున నియమము కలదు. ఏ స్వరము ఎంత కదలవలెనో గురువు చెప్పును. ఇచ్చట అట్టి నియమము లేదు. కాని నిలిచియున్న స్వరముకంటె కదలెడు స్వరమునకు ప్రాణమెక్కువ యను సంగతి ఆ డబ్లిన్ యువకునికిని తెలిసినది. మరియొకటి జ్ఞప్తికి వచ్చెను. తంబురా గుర్రముపై తంత్రి క్రింద ఒక దారపుపోగు నుంచుదుము. దానివలన పుట్టెడు జుమ్మను నాదమును జీవ మందుము. తెలియనివాడు దానిని చూచి, తంత్రి సరిగా లేదు, ఏదియో గీరుకొనుచున్నదనును. మనము కోరి తెచ్చుకొన్న గీరుడే అది! ఇంతకాలము దానిని నాదమని వినిన నేను, మరియొకరు కోరి తెచ్చుకొన్న గీరుడును పిండిమర యంటిని.

ఆదివారమునాడు ట్రినిటీ కళాశాలకు పోయి, కెల్స్ గ్రంథమును చూచితిమి. అది ఇంచుమించు 800వ సంవత్సరమునాటిది. దూడచర్మపు పుటలపై క్రైస్తవ సన్యాసులు వ్రాసిన సువార్తల ప్రతి. 680 పుటలు కలవు. తెరచియుంచిన పుటను మాత్రమే అద్దములోనుండి చూడవలెను. అందు మిక్కిలి ప్రసిద్ధమైన పుటను నేను చిత్రప్రతిలో చూచితిని. మొదట నాకు ముగ్గులు తప్ప మరేమియు కనబడలేదు. చుట్టలు, చుట్టలలో చుట్టలు, ముడులు. “అక్షరములెక్కడ?” అంటిని. “చూచుచుండుము” అని వాడనెను. చూడగా చూడగా, ఆ ముగ్గంతయు మూడే మూడు గ్రీకు అక్షరములని తెలిసెను. క్రీస్తు నామమునకు గుర్తులు. ఇంకను చూడగా క్రింద రెండు పిల్లులు, ఎలుకలు, చేపను నోటగరచిన నీటికుక్క. వ్రాసినవాడు అక్షరమును దాచలేదు. తొందరపడువానికి మాత్రమే అది కనబడదు.

తిరిగి వచ్చునప్పుడు రైలులో మరల ఆ పాటలు పెట్టుకొని, తక్కినదంతయు విడిచి కంఠమును మాత్రమే వెదకితిని. దొరికినది! బిలిండా బుచర్ పాడిన తీరు మేలుకొన్నవారు పాడినట్లుండదు. రాత్రియంతయు పనిచేసి, తెల్లవారి ఏడున్నర వేళ, అప్పుడే కన్నంటిన ఆమెను లేపి పాడించెడివారట. పాడునప్పుడు అవతలి గదిలోని పనివారికి తాము కనబడకుండ కిటికీకి తెరలు వేసికొనెడివారు. ఆ కంఠములను యంత్రమున పట్టిన ఇంజనీర్లలో అంజలి దత్ అను స్త్రీ యొకతె. ఆ పేరు చదివినప్పుడు నాకు సంతోషము కలిగెను. ఇంటివారెవరును లేవకమునుపు పెరటిలో మెల్లగా పాడుకొను స్త్రీల మెందరము లేము! పాడవలెనను కోరిక యుండును; వినబడునేమో యను బెదురును ఉండును. ఆ కంఠములో నాకు వినబడినది అదియే.

ఇచ్చట రెండు మాటలు. మరల మరల చూచిన వస్తువు మీద మనకు ఇష్టము పెరుగునని రాబర్ట్ జాయన్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1968లో ప్రకటించెను. కావున ఇది ఒట్టి అలవాటేయని మీరనవచ్చును. కొంతవరకు నిజమే. అయినను అలవాటొక్కటే యైనచో 11 పాటలును సమానముగా నచ్చవలెను. మూడవ పాటయగు టచ్డ్ నాకు నేటికిని నచ్చదు. అది నిమిషములోపుననే ముగియుట నాకు మేలు. చిట్టచివరి సూన్ అను పాట పిల్లలు గంతులు వేయుటకు తగినది. నాలుగవదియగు టు హియర్ నోస్ వెన్ అనునది అన్నింటిలో మెత్తనిది. మంచులో దూరపు దీపమువలె నుండును. ఒకప్పుడు ఇవన్నియు ఒక్కటే హోరు. వినగా వినగా వేరువేరైనవి.

రెండవది ఆరోగ్యమును గూర్చినది. ఈ బృందమువారు సభలలో మిక్కిలి బిగ్గరగా వాయింతురు; 2008లో మరల కచేరీలు మొదలిడినప్పుడు, వచ్చినవారికి చెవులలో పెట్టుకొను బిరడాలు వారే పంచిరి. 85 డెసిబెళ్ల ధ్వనిని ఎనిమిది గంటలకు మించి వినుట చెవికి హానియని నిపుణులందురు; మూడేసి డెసిబెళ్లు పెరిగినకొలది ఆ కాలము సగమగును. మీ పిల్లలు చెవులకు యంత్రములు తగిలించుకొని వినునప్పుడు పాటను ఆపించనక్కరలేదు, ధ్వనిని తగ్గింపుమని చెప్పిన చాలును. ఈ సంగీతము తక్కువ ధ్వనిలోనే నాకు బాగుగ బోధపడినది.

నా ప్రయాణము ఇక వారముండగా, హౌత్ అను చోటికి పోయితిమి. అది నగరమునకు ఈశాన్యమున సముద్రములోనికి చొచ్చిన కొండ. రైలుమార్గము అచ్చట ముగియును. రేవులో చేపల పడవలు; పడవల నడుమ సీలు జంతువులు తలలెత్తి చూచుచుండును. కొండ యంచున నడచి ఒక బల్లపై కూర్చుంటిమి. గాలి చెవులలో హోరున వీచుచున్నది. అలల మ్రోత వేరు, గాలి మ్రోత వేరు అని మొదట తెలియదు, కొంతసేపటికి తెలియును. ఆ సంగతియే వానితో అంటిని. వాడు సముద్రమువంక చూచుచు ఇట్లనెను:

“ఆ వసతిగృహములో నాకు నిద్రపట్టెడిది కాదమ్మా. గదికి పదిమందిమి. తెల్లవారకముందే లేపెడివారు. వారమువారము మార్కులు గోడకంటించెడివారు. నా పేరెప్పుడును క్రిందనే. చిన్న యంత్రమొకటి దిండుక్రింద దాచుకొని, ధ్వని తగ్గించి యిది వినెడివాడను. ఈ హోరులో ఇతరుల మాటలు వినబడవు. దూరమున ఎవరో నిదురమత్తులో పాడుచున్నట్లుండెడిది. నాలుగవ పాటకు నిద్ర వచ్చెడిది.”

“నా కేల చెప్పలేదు నాయనా?”

“దసరాకు వచ్చినప్పుడు నీకు వినిపింపవలెననియే పెట్టితిని.”

నేను మాటాడలేకపోయితిని. మనమొక పాటను ఆపితిమనుకొందుము. దాని వెనుక వచ్చుచున్న మాటను కూడ ఆపితిమని పదునారేండ్లకు పైగా తెలియకుండుట యెట్టిదో నాకు ఆ బల్లమీద తెలిసినది. వాడు నన్ను నిందింపలేదు. చలివేయుచున్నదేమో యని తన మెడలోని ఉన్నివస్త్రము తీసి నా కిచ్చెను.

బయలుదేరుటకు ముందటి రాత్రి పెట్టెలు సర్దుకొంటిమి. పచ్చడి సీసాలు వానికి విడిచి, ఆ ఖాళీలో వాడు కొనియిచ్చిన ఉన్నిశాలువ పెట్టుకొంటిని. ఆ గులాబివన్నె రికార్డు వానివద్దనే యుండెను. నేనే అడిగి పెట్టించితిని. చెవులకు తగిలించుకొనక, గదిలో అందరును వినునట్లు, గది తలుపు తెరచియుంచి వింటిమి. డ్రమ్ముపై నాలుగు దెబ్బలు పడునప్పుడు ఇరువురము ఒకరినొకరము చూచుకొని నవ్వితిమి. వెలుపల ఆ సన్నని వాన కురియుచునే యున్నది.

నాలుగవ పాట వచ్చునప్పటికి వాడు కుర్చీలోనే కునుకు తీయుచుండెను. నేను లేచి దుప్పటి కప్పితిని. పాటను ఆపలేదు. తక్కిన ఏడు పాటలును వాని ప్రక్కనే కూర్చుండి వింటిని.